సేద్యమర్మబోధిని ఎవరి చేతికి చేరాలి

పశ్చిమ గోదావరి జిల్లా ఏలూరు పవర్‌పేటలో కాపురం ఉంటున్న, కీర్తిశేషులు మాజేటి సత్యనారాయణ గారి భార్య మాజేటి భ్రమరాంబ అనే నేను, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, మతి స్థిరంగా ఉండగా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నాకు బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. మతిమరుపు లేదు. ఉందని రేపు మా మరిది హనుమంతరావు చెబితే నమ్మవద్దు. డాక్టరు గారి సర్టిఫికెట్ దీనికి జత చేశాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టేవాళ్ళు రాకముందే రాసేస్తున్నాను. ఇంతకుముందు నేను రాసినట్టు వేరే వీలునామా ఏదైనా బయటికి వస్తే అది దొంగ కాగితం.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఏలూరు స్టేషన్ రోడ్డులో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్న ఫర్హానాకు అప్పగిస్తున్నాను. బంధువులు ఇంతమంది ఉండగా పరాయి పిల్ల ఎందుకని అడిగేవాళ్ళు నాలుగో అంశం చదువుకోండి.

2. మా నాన్నగారు పసుపుకుంకుమల కింద నాకిచ్చిన ఈ పవర్‌పేట ఇల్లు, నా తదనంతరం మా మరిది మనవరాలు నిహారికకు సర్వహక్కులతో చెందాలి. ఈ పిల్ల నా దగ్గరికి ఎప్పుడొచ్చినా వంటింట్లోకి వచ్చి కూర్చుని కబుర్లు చెప్పేది గాని, బీరువా వైపు చూసేది కాదు. నేను చూస్తూనే ఉన్నాను. మైనరు ఆస్తికి సంరక్షకుడినంటూ తాతగారు మధ్యలో దూరకుండా, దానికి పద్దెనిమిది నిండేదాకా ఆగి మరీ ఈ కాగితం రాస్తున్నాను.

3. మా ఆయన తాడేపల్లిగూడెం విత్తనాల కొట్లో కూర్చున్న టేకు కుర్చీ ఫర్హానాకు. వాళ్ళ సెంటర్లో ప్లాస్టిక్ కుర్చీలకు నా నడుం పట్టేస్తుంటే ఇంటినుంచి దిండు తెచ్చి వేసేది. ఆ దిండు కూడా ఎందుకు తెచ్చిందా అని నేను కొన్నాళ్ళు ఆలోచించాను. అది ఆమెకు తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది.

4. ఇక పుస్తకం. సేద్యమర్మబోధిని అనే పాత వ్యవసాయ పుస్తకం మా కొట్లో గల్లాపెట్టె పక్కనే ఉండేది. పాత కాగితాల కట్టలో దొరికిందని మా ఆయన చెప్పేవారు. విత్తనాలకు వచ్చిన రైతులకు అందులోంచి నాలుగు ముక్కలు చదివి వినిపించేవారు. పోయేముందు దాన్ని నా చేతికిచ్చారు. హనుమంతరావు మాత్రం అది వాళ్ళ తాతగారు రాసినదని, ఉమ్మడి ఆస్తి అని అంటూ వచ్చాడు. తాతగారి పేరుతో అచ్చు వేయించి గణపవరంలో తన రైస్ మిల్లు దగ్గర సభ పెడతానన్నాడు. చూసి ఇస్తానని ఒకసారి పట్టుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు రచయిత పేరు, అచ్చయిన ఏడు ఉన్న మొదటి పేజీ ఉంది. తిరిగొచ్చేటప్పుడు లేదు. నేను అప్పటిదాకా ఆ పేజీని శ్రద్ధగా చదవలేదు. అతను చించాడని ఇక్కడ రాయడం లేదు. జరిగిందే రాశాను.

నిహారిక పరీక్ష ఫలితాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఇంటర్నెట్లో ఎవరైనా రాయగలిగే తెలుగు నిఘంటువు ఒకటి ఉందని ఫర్హానా చూపించింది. అందులో గూడ అనే మాటకు భుజం అని ఉంది గాని, ఇద్దరు చెరోవైపు తాళ్ళు పట్టి చేలోకి నీళ్ళు తోడే గూడ లేదు. లేదేమిటి అన్నాను. మీరే రాయచ్చండీ అంది. అలా మొదలుపెట్టాను. అర్థం రాస్తే చాలదు, ఆ మాట వాడిన వాక్యం కూడా ఇవ్వాలన్నారు. పుస్తకంలోంచి ఇచ్చాను: "గూడవేయువా రిరువురును నొకరి యూపిరి నొకరు వినవలెను, లేనియెడల నీరు గట్టెక్కదు." దమ్ము, బోదె, ఆకుమడి, ఒక్కో మాటకూ ఒక్కో వాక్యం ఎక్కిస్తుంటే మా ఆయన గొంతు వింటున్నట్టు ఉండేది.

ఇంతలో కిక్కిస అని గడ్డి పేరు పెట్టుకున్న ఎవరో నా వాక్యాల కింద ప్రశ్నలు పెట్టడం మొదలుపెట్టారు. ఈ పుస్తకం ఉన్నదనడానికి రుజువేమిటి? రచయిత ఎవరు? ఈ వాక్యం ఏ పేజీలోది? ముఖ్యంగా చివరి అధ్యాయంలోంచి ఏది రాసినా సొంత కల్పన అని రాసేవారు. ఇంకో నెలలో రుజువు చూపకపోతే నా వాక్యాలన్నీ తీసేస్తామని నిఘంటువు వాళ్ళు కబురు పెట్టారు. చూపడానికి నా దగ్గర మొదటి పేజీ లేదు.

నేను మొదట హనుమంతరావును అనుమానించాను. తరవాత ఫర్హానాను. నేను ఏం రాస్తున్నానో పక్కన నిలబడి చూసేది ఆమె ఒక్కతే. అందుకని చెప్పకుండా మానేసి, బస్సెక్కి భీమడోలు వెళ్ళి అక్కడి సెంటర్లో రాశాను. ప్రశ్నలు ఆగలేదు. ఒకనాడు ఫర్హానా ఇంటికొచ్చి, "ఒంట్లో బాలేదాండీ, రావడం మానేశారు?" అంది. ఉన్నమాట మొహం మీదే చెప్పేశాను. ఆ పిల్ల కళ్ళు దించుకుంది గాని కోప్పడలేదు. "కనుక్కుందామండీ. ఇంకా ఎక్కించని వాక్యంలో ఒక మాట మార్చి రాయండి. ఏం చేస్తారో చూద్దాం" అంది. దొంగయితే ఈ ఉపాయం చెప్పదు కదా అనుకున్నాను. తెలివైన దొంగయితే చెబుతుందేమో అని కూడా అనుకున్నాను. అయినా కొత్త వాక్యం ఒకటి ఎక్కిస్తూ, పుస్తకంలో ఊపిరి అని ఉన్నచోట అడుగు అని రాశాం.

మర్నాటికి ఊపిరి అని దిద్ది ఉంది. నా పుస్తకం బీరువాలో ఉంది, తాళం నా బొడ్లో ఉంది. అంటే ఇంకో ప్రతి ఉందన్నమాట.

నిజం బయటపెట్టమని రాశాం. భీమడోలు స్టేషనుకు పుస్తకం పట్టుకుని వస్తే మాట్లాడతానని జవాబు వచ్చింది. ఫర్హానాను తోడు తీసుకుని వెళ్ళాను. ప్లాట్‌ఫాం బెంచీ మీద నా ఈడు ఆవిడ, చేతిసంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది. పేరు దానమ్మ. కొల్లేటి లంక ఊళ్ళో టీచరుగా చేసి రిటైరైంది. వాళ్ళ నాన్న అబ్బులు కాలవకు నీళ్ళు వదిలే లస్కరు. ఆయన ప్రతి అది. ఎవరో చదివి ఇస్తానని పట్టుకెళ్ళి, చివరి అధ్యాయం ఊడిపోయిన పుస్తకం తిరిగిచ్చారట. చిన్నప్పటినుంచీ తను చూడని ఆ అధ్యాయంలోంచి ఎవరో వాక్యాలు ఎక్కిస్తుంటే, ఆ పేజీలు కాజేసినవాళ్ళే అనుకుని, కల్పన అని రెచ్చగొడితే బయటపడతారని అలా రాసిందట.

"ముందు మీది తియ్యండమ్మా" అంది. "పిలిచింది మీరు కదండీ, మీరే తియ్యండి" అన్నాను. తెప్పించిన టీ చల్లారిపోయింది. ఆఖరికి ఫర్హానా, "ఇద్దరూ ఒకేసారి తియ్యండి, నేను మూడంటాను" అంది. అలాగే తీశాం. ఆమె ప్రతికి మొదటి పేజీ ఉంది: గణపవరం రైతు వెంకట్రాజు, 1913. మా మరిది తాతగారు కారు, మరొకరు కారు. నా ప్రతికి చివరి అధ్యాయం ఉంది. ఆమె అది అక్కడే కూర్చుని చదివింది. రెండు బళ్ళు వెళ్ళిపోయినా లేవలేదు. నేను మాత్రం పుస్తకం అంచు ఒక చేత్తో పట్టుకునే ఉన్నాను.

ఫర్హానా ఆ మొదటి పేజీ ఫోటో తీసి నిఘంటువులో పెట్టింది. నా వాక్యాలు నిలిచాయి.

5. కాబట్టి నా ప్రతి దానమ్మ గారికి చెందాలి. దాన్ని ఎవరి పేరుతోనూ అచ్చు వేయకూడదు, వెంకట్రాజు గారి పేరుతో తప్ప. ఈ షరతు దానమ్మ గారికి కూడా వర్తిస్తుంది. ఆమె మీద నాకు నమ్మకం లేక కాదు. ఆమె తన ప్రతిని ఇప్పటికీ నా ఇంట్లో ఒక్కరాత్రి కూడా ఉంచలేదు. జాగ్రత్త ఎంత అవసరమో ఆమెకూ తెలుసు.

6. కొట్లోని ఇత్తడి త్రాసు హనుమంతరావుకు. అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్నది. మా ఆయనకు జబ్బు చేసినప్పుడు ఇతను ఆస్పత్రిలో నేల మీద పడుకున్నాడు. అది కూడా జరిగిందే. మరచిపోలేదు.

7. నేను పోయిన వెంటనే, బంధువుల కంటే ముందు దానమ్మ గారికి ఫోన్ చెయ్యాలి. నంబరు ఫర్హానా దగ్గర ఉంది. ఆమె వస్తే వీధి అరుగు మీద కూర్చోబెట్టకుండా, మా వాళ్ళు ఎంత గొణిగినా సరే, నేరుగా నేనున్న గదిలోకి తీసుకురావాలి. నా గ్లాసుతోనే మంచినీళ్ళు ఇవ్వాలి. బీరువా తాళం ఆమె చేతికే ఇవ్వాలి. కొల్లేరు పొంగి వాళ్ళ ఊరి దారి మునిగితే పడవ దొరకడం ఆలస్యమవుతుంది. పంతులు గారు తొందరపెట్టినా ఆమె వచ్చేదాకా నన్ను తీసుకెళ్ళవద్దు. ఆగండి.

ఏలూరు, 2008 నవంబరు 19.

(సంతకం) మాజేటి భ్రమరాంబ

మా ఎదుట పూర్తిగా చదివి, మా కళ్ళముందే సంతకం చేశారు. ప్రతి పేజీ కిందా మా చేత కూడా సంతకాలు పెట్టించుకున్నారు.

సాక్షులు:
నరసరాజు, పక్కింటివారు
షేక్ నవాజ్, స్టేషన్ రోడ్డు