ఉప్పు లేని జావ

మట్టెవాడ, జూన్ 1946

నాయనకు రాచపుండు అని తెలిసి కూడా, కామెర్లు నయమైపోయాయని అబద్ధం చెప్పి హైదరాబాదు దవాఖాన నుంచి ఊరికి పంపావు వెంకట్రాజం అన్నా. తప్పు చేశావు.

మొన్న నీ దగ్గర్నుంచి శారద వదిన వచ్చింది. నాయన ఉప్పు లేని జావ తాగుతుంటే చూడలేక, ఏడ్చి ఉన్న మాట చెప్పింది. కామెర్లు తిరగబెడతాయని ఆయన పథ్యం వదలడం లేదు. ఉప్పు లేదు, చేప లేదు, కల్లు చుక్క లేదు. నడుముకు ధోవతి నిలవడం లేదు. వెన్నులో నొప్పికి నాటు వైద్యం చేసే మొండయ్యతో మళ్లీ కాల్చి వాత పెట్టించుకున్నాడు. పడుకోలేక, ముందుకు వంగి కూర్చునే కునుకు తీస్తున్నాడు.

నూలుకు రంగులద్దే మనిషి కదా, చేతులు పచ్చగా ఉంటే రంగే అనుకున్నాం. కళ్లు పచ్చబడేదాకా ఎవరం చూడలేదు. అది తెలియక చేసింది. నువ్వు తెలిసి చేశావు.

ఆదివారంలోగా వచ్చి నీ నోటితో చెప్పు. రాకపోతే నేనే చెప్తాను.

ఎల్లస్వామి


హైదరాబాదు

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు తిట్టినందుకు బాధ లేదు. గడ్డ జీర్ణాశయం వెనక క్లోమంలో ఉందని, తీయడానికి వీల్లేదని కడుపు కోసి చూసిన డాక్టరు చెప్పాడు. పైత్యం పేగులోకి పోయేలా దారి మాత్రం వేశాడు. అందుకే పచ్చదనం, దురద పోయాయి. కొన్ని నెలలే అన్నాడు. తెలివి వచ్చాక ఒకనాడు నాయన గోళ్లు చూసుకుని, "రంగు దిగిందిరా పెద్దోడా" అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు నోరు రాలేదు. పథ్యం సంగతి తట్టనే లేదు.

రావడానికి ధైర్యం చాలడం లేదు. నువ్వూ చెప్పకు.

నీ మేలు కోరే అన్న,
వెంకట్రాజం


మట్టెవాడ

చెప్పాను అన్నా. ఆదివారం దాకా నీకోసం చూసి, సోమవారం పొద్దున రంగు కాగు దగ్గర చెప్పాను. నాయన నూలు తిప్పుతూనే, ఎన్నాళ్లని అడిగాడు. కొన్ని నెలలేనట అన్నాను. అప్పుడు చేతిలో కట్టె పక్కన పెట్టాడు.

"మరి గిన్ని దినాలు నన్ను ఉప్పు లేకుంట ఎందుకు సంపిన్రురా? పో, కొర్రమట్ట తే."

నాలుగు ముద్దలే పోయాయి. అయినా చేపల పులుసులో చింతపండు ఎక్కువైందని అమ్మతో పోట్లాడాడు. ఇంట్లో ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో.

మరునాడు తనే దవాఖానకు నడిచాడు. వాత మచ్చలు చూపి, నొప్పి దాచకుండా చెప్పాడు. కొంచెం కొంచెంగా ఏది సయిస్తే అది తినమన్నాడు డాక్టరు, నొప్పికి మార్ఫియా సూది వేశాడు. నిన్న నాయన వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు.

ఆ మందు ఇక్కడ సరిగ్గా దొరకదు. డాక్టరు చీటీ దీనితో పంపుతున్నాను. నాయన మాట కూడా విను, ఆయన అన్నట్టే రాస్తున్నాను: "పెద్దోణ్ణి నేను తిట్ట. నేను పోయినంక వచ్చి ఊరికి అన్నం పెట్టుడు కాదు. నేను తినెటప్పుడే వచ్చి నా పక్కన కూసోని తినాలె."

మందు పంపితే చాలదు, నువ్వే తేవాలి. ఏ బండికి దిగుతున్నావో శుక్రవారంలోగా నాకు జాబు అందాలి.

ఎల్లస్వామి