నెత్తళ్ళ వాసన పడని ఏడాది

నూకరత్నం,

ఎలా ఉన్నావని అడగకుండా ఉండలేకపోతున్నాను. నువ్వు వెళ్ళి పదకొండు నెలలైంది.

మన కళింగపట్నంలో ఈసారి వలల్లో నెత్తళ్ళు బాగా పడ్డాయి. ఇసుక మీద ఎండబోస్తుంటే నువ్వే గుర్తొస్తున్నావు. పెళ్ళైన కొత్తలో నీ కొంగు వాసనకి ముక్కు మూసుకున్నానని ఎంత పోట్లాడావు! "ఏటి మావా, సేపలోడివయ్యుండి సేప కంపంటావా? మనకి కూడెట్టే వాసనిది" అని గంప తెచ్చి నా నెత్తిన పెట్టావు. శ్రీకాకుళం బస్సులో నీ గంపకి అడ్డు చెప్పిన కండక్టరు ఒక్కడైనా ఉన్నాడా?

అలాంటి నీకు ఆ వాసనే పడకుండా పోయింది. వణుకుడు జబ్బుతో ఏడేళ్ళు... చేతులు వణికినా, నడక తగ్గినా నవ్వుతూనే ఉన్నావు. చివరి ఏడాది వికారం మొదలయ్యాకే ఆ నవ్వు పోయింది. గంజి చూసినా తల తిప్పేసుకునేదానివి.

ఒక సంగతి నీకు చెప్పకుండా దాచాను. నీ వాంతులు చూడలేక మందుల షాపుకి పరుగెత్తానే, ఆ రోజు వాంతుల మాత్ర ఇమ్మన్నాను తప్ప నీ జబ్బు పేరు చెప్పలేదు. అతనూ అడగలేదు. మూడు రోజులు వేశాను. వాంతులు తగ్గాయి గానీ నువ్వు కొయ్యలా బిగుసుకుపోయావు. మాట లేదు, రెప్ప వెయ్యడం కూడా లేదు. జబ్బు ముదిరిపోయిందనుకుని పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

వారానికోసారి ఇంటికొచ్చి చూసే నర్సమ్మ ఆ మాత్రల అట్ట చూసి గతుక్కుమంది. కొన్ని వాంతుల మందులు ఈ జబ్బుకి పడవట... బిగుసుకుపోవడం ఇంకా పెరుగుతుందట. అప్పటికప్పుడు డాక్టరుకి ఫోన్ చేసి ఆపించింది. తిండికి అరగంట ముందు వేసేలా వేరే మాత్ర రాయించింది. విరేచనం సాఫీగా కాకపోయినా వికారం వస్తుందని దానికీ మందిప్పించింది. కూర్చోబెట్టి, చల్లార్చి, కొద్దికొద్దిగా పెట్టమంది.

నాలుగైదు రోజులకి నీకు మాటొచ్చింది. మొదటి మాట ఏమన్నావో గుర్తుందా? "మావా, కంపు కొడతన్నావు. తానం సేసి రా."

ఎంత సంతోషమేసిందో! అప్పట్నుంచి చేపల వేట ముగించుకుని రాగానే సబ్బుతో తోముకున్నాకే గడప దాటేవాణ్ణి. పొయ్యి పెరట్లోకి మార్చాను. ఎండుచేపలన్నీ మా చెల్లెలింటికి చేర్చాను. గంజి కాచడం నేర్చుకున్నాను. "ఉప్పు మర్సిపోనావు" అని నువ్వు వంక పెట్టిన రోజున, రుచి తెలుస్తోందని మురిసిపోయాను. చివరి మూడు నెలలూ నువ్వు సుఖంగానే తిన్నావు కదూ?

అయినా ఆ మాత్ర మాట నోటి దాకా వచ్చి ఆగిపోయేది. "నువ్వెట్టిన కూడు, నువ్వేసిన మాత్ర... నాకేటి బయ్యం?" అని నువ్వంటుంటే ఎలా చెప్పను?

మొన్న పక్క వీధి గురవయ్య వాంతుల మాత్రకని బయల్దేరాడు. వాళ్ళావిడకీ నీ జబ్బే. వెనకాలే పరుగెత్తి ఆపాను. ఆవిడ మందుల చీటీలన్నీ తీసుకుని ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. జబ్బు పేరు ముందుగా నేనే చెప్పాను.

మన ఊళ్ళో ఇంకెవరికీ అలా జరగనివ్వను రత్నం. మాటిస్తున్నాను.

నీ మావ,
ఎర్రయ్య