మల్లె పాదులో టీ కప్పులు

యాదమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే మన ఆఫీసు వెనక పైపు వేయడానికి నీ మల్లె పాదు తవ్వారు. నువ్వు పాతిన టీ కప్పులు బయటపడ్డాయి. మట్టి తుడిస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి.

ఆ కప్పులు ఆఫీసుకి తెప్పించింది నేనే. మొక్కజొన్నతో చేసినవనీ, మట్టిలో కలిసిపోతాయనీ అందరి ముందూ గొప్పగా చెప్పాను. ఊడవడం ఆపి మరీ విన్నది నువ్వొక్కదానివే.

"గట్లయితే చెత్తల ఎందుకు మేడం? చెట్లకేస్త" అన్నావు.

ఎరువు తయారుచేసే ప్లాంటులో ఉండే వేడికి తప్ప అవి కరగవని అమ్మినవాళ్లిచ్చిన కాగితంలోనే ఉంది. నేను చదివాను కూడా. నీకు చెప్పలేదు. నువ్వలా నమ్మడం నాకు బాగుంది.

ఆ వానాకాలం కొన్ని కప్పులు పైకి తేలాయి. "తోటని చెత్తకుప్ప చేసిందెవరు?" అని మేనేజరు అరిచాడు. నువ్వు నా వైపు చూశావు. నేను ఫోను చూసుకున్నాను. నిన్ను పనిలోంచి తీసేశారు. ఖాజాగూడలో మీ ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పుకోవాలని అనుకుంటూనే ఉన్నాను, ఈలోగా నువ్వు పోయావని తెలిసింది.

నిన్ను తీసేసిన సంగతే గుర్తులేనట్టు, ఇవాళ కూడా మేనేజరు అదే అడిగాడు. నీ చోట పనిలో చేరిన మంగమ్మ జవాబు చెప్పింది.

"ముందుగాల పనిచేసినామె పాతిందంట సార్. పాపం, ప్లాస్టిక్ అని గూడ ఎర్కలేదు ఆమెకు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, యాదమ్మా.