నాలుగో కేసు

మార్చి 3, సోమవారం

ప్రాజెక్టు టాపిక్ ఖరారైంది. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ పెంచిన పెద్దక్కలు. ఎంచింది రేడియో. సాయంకాలం కాలేజీలో సోషల్ వర్క్ డిప్లొమాకి నన్ను లాక్కొచ్చిందీ తనే. చిన్ననాటి స్నేహితురాలు. నోరు మూతపడదు కనుక ఆ పేరు పెట్టాను. యాభై దాటాక మనకు చదువేమిటే అంటే, మరి ఇంట్లో కూర్చుని మోకాళ్లు నిమురుకుందామా అంది.

గ్రూపులో ఇద్దరమే. తను అడుగుతుంది, నేను రాస్తాను. క్యాంటీన్‌లో నా టీలో రెండు చెంచాల పంచదార వేసింది, ఎప్పటిలాగే. తాగాను.

మార్చి 6, గురువారం

మూడు ఇంటర్వ్యూలు అయ్యాయి. ఒక నర్సమ్మ, ఒక టైలరమ్మ, రిటైరైన టీచరమ్మ. ఏం చేస్తాం, తప్పలేదు అన్నారు ముగ్గురూ. నాలుగో ఆవిడ సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు రానక్కర్లేదు అంది రేడియో. సరే అన్నాను.

మార్చి 10, సోమవారం

రిహార్సల్. ఖాళీ క్లాసులో లెక్చరర్ ఒక్కర్తే ముందు బెంచీలో కూర్చుంది. మా చెల్లెలి వయసుంటుంది. రేడియో మాట్లాడుతుంటే నేను స్లైడ్లు మార్చాలి. మార్చాను.

కేసు నాలుగు. పేరు లేదు. రేడియో గొంతు వణికిస్తూ చదివింది. తల్లి పోయాక చెల్లెలినీ తమ్ముణ్ణీ పెంచింది. వాళ్ల కోసం వచ్చిన సంబంధం వదులుకుంది. ఆ వెలితిని ప్రార్థనలో మరిచిపోతూ బతుకుతోంది.

నేనే.

లెక్చరర్ కళ్లు తుడుచుకుంది. ప్రాజెక్టుకు ప్రాణం ఇదేనండీ అంది.

బయటికొచ్చాక అడిగాను, నన్నెప్పుడు ఇంటర్వ్యూ చేశావని. నిన్నడిగేదేమిటే, నీ సంగతి నీకంటే నాకే బాగా తెలుసు అంది. అయినా మీ చెల్లెల్ని అడిగాలే అంది. గర్వంగా అంది!

మార్చి 11, ఉదయం

ప్రార్థనకు కూర్చున్నాను. రేడియోకి కాస్త బుద్ధి ఇవ్వమని మొదలుపెట్టాను. అది ప్రార్థన కాదు, చాడీ. లేచాను. మళ్లీ కూర్చున్నాను. మళ్లీ చాడీయే.

వెలితి అట. ప్రార్థన ఇష్టం కనుక చేస్తాను. కొందరికి ఈత ఇష్టం. ఈత కొట్టేవాళ్లను చూసి, పాపం ఏం వెలితో అంటారా ఎవరైనా?

మార్చి 12, బుధవారం

ఆ కేసు తీసెయ్యమన్నాను. తీస్తే ఏం మిగులుతుందే, తక్కిన మూడూ పాడిందే పాట కదా అంది రేడియో. అయితే శుక్రవారం ప్రెజెంటేషన్‌కి నేను రాను అన్నాను. అప్పుడు మొహం పాలిపోయింది. ఇద్దరం నిలబడితేనే మార్కులు. నేను చేరకముందే ఈ సబ్జెక్టు తను ఒకసారి తప్పింది. ఇంకోసారి తప్పితే డిప్లొమా లేదు. నువ్వు రాకపోతే నన్ను నట్టేట ముంచినట్టే అంది. అక్కడితో ఆగిందా? సర్దుకుపోవే, త్యాగం నీకు కొత్తా అంది.

టీ అలాగే వదిలేసి వచ్చేశాను.

ఇంటికొస్తే గుమ్మంలో కూర్చుని చెల్లెలు. రేడియోకి ఏం చెప్పావే అని అడిగాను. ఉన్నదే చెప్పానక్కా, మా కోసమేగా పెళ్లి వద్దన్నావు, అది తలుచుకుని ఇప్పటికీ ఏడుస్తాను అంది.

ఎవరు చెప్పారే నీకు అన్నాను. పెళ్లిచూపులకని అతను వచ్చి కూర్చుని, నాకు ఏ రంగు ఇష్టమో నాకే చెప్పాడు. నేనేం చదవాలో, ఎంత మెల్లగా నవ్వాలో చెప్పాడు. నచ్చలేదు. వద్దన్నాను. మీరు లేకపోయినా వద్దనేదాన్నే. ఇల్లు నడపడమూ మిమ్మల్ని పెంచడమూ నాకు బాగుంది.

సంతోషిస్తుందనుకున్నాను. లేచి నిలబడింది. అయితే ఇన్నేళ్లూ నేను ఊరికే ఏడ్చానా అంది. ఒక్క ముక్క ముందే చెప్పొచ్చుగా అంది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మార్చి 13

వెళ్తాను. స్లైడ్లు మార్చే బటన్ నా చేతిలోనే ఉంటుంది కదా.

మార్చి 14, శుక్రవారం

క్లాసు నిండిపోయింది. రేడియో నా వైపు చూడలేదు. కానీ నేను తలుపు తోసుకుని రాగానే పెద్దగా ఊపిరి వదిలింది. ఆ చివరి బెంచీ దాకా వినిపించింది.

ఒకటి, రెండు, మూడు బాగానే చెప్పింది. నేను నాలుగును దాటించి ఐదో స్లైడ్ పెట్టాను.

రేడియో నోట మాట లేదు. ఈ వయసుకు ఇదే మొదటిసారి చూడటం. నాలుగో కేసు ఏదమ్మా అంది లెక్చరర్. నాలుగో ఆవిడ నేనే, ఇంతవరకూ నన్నెవరూ ఏమీ అడగలేదు, ఇప్పుడు అడగండి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

పెళ్లెందుకు వద్దన్నారు అని లెక్చరర్ మొహమాటంగా అడిగింది. అతను నచ్చలేదన్నాను. క్లాసంతా నవ్వింది. బాధ లేదా? లేదు. మరి ఆ ప్రార్థన? ఇష్టం. కోపం ఎప్పుడూ రాదా అని వెనకనుంచి ఒకమ్మాయి అడిగింది. ఈ వారమంతా కోపమే అన్నాను. ఆ మాటకు రేడియో తల దించుకుంది.

మార్కులు ఇంకా వేయలేదు. మీ ముగింపు నాలుగో కేసుతో పొసగడం లేదు, వారంలో తిరగరాసి తెండి అంది లెక్చరర్. తక్కిన ముగ్గురినీ మళ్లీ అడగమంది.

మార్చి 16, ఆదివారం

రేడియో ఫోన్. ఎత్తలేదు. ప్రార్థన మాత్రం కుదిరింది. చాడీలు రాలేదు.

మార్చి 17, సోమవారం

ఎత్తాను. రేపు టైలరమ్మ దగ్గరికి వెళ్దాం అంది. ఈసారి నువ్వడుగు, నేను రాస్తాను అంది.

మార్చి 19, బుధవారం

క్యాంటీన్. రేడియో చెంచా పట్టుకుని ఆగింది. పంచదార వేయనా అని అడిగింది. వద్దు, ఎప్పుడూ ఇష్టం లేదు అన్నాను.

మరి ఇన్నేళ్లూ ఎలా తాగావే అని క్యాంటీనంతా వినేలా అరిచింది.

ఇప్పుడు తను నాతో మాట్లాడటం లేదు.