కుట్టు లోపలి గుడ్డ

బావగారికి, మీ మరదలు నమస్కరించి రాస్తున్నది.

డబ్బు అడగడానికి కాదు, కంగారు పడకండి. క్యాన్సరు మందులు, పరీక్షలు, పడక అన్నీ ప్రభుత్వ కార్డు మీద ఉచితంగానే జరుగుతున్నాయి. ఆ విషయంలో ఎవరినీ ఒక్క మాట అనలేను.

మీ తమ్ముడు బాగా చిక్కిపోయారు. చొక్కాలు వదులైనప్పుడల్లా మిషను ముందు కూర్చుని తనే పక్కలు లోపలికి కుట్టుకుంటున్నారు. లోపల మిగిలిన గుడ్డ ఒరుసుకుంటోందిగా, కత్తిరించెయ్యరాదా అంటే, "ఉండనీవే, మళ్ళీ ఒళ్ళు చేశాక కుట్లు విప్పుకోవద్దూ? అన్నయ్య నేర్పిన పని" అనేవారు. ఆ మాట వింటే నాకు ధైర్యంగా ఉండేది.

నిన్న డాక్టరుగారు నన్ను బయట కూర్చోమని ఆయనతో మాట్లాడారు. ఏం చెప్పారని అడిగితే "మందులు మారుస్తారట" అన్నారు. ఇంటికి రాగానే మిషను దగ్గరికి వెళ్ళారు. ఈ పొద్దున ఇస్త్రీ చేస్తూ చూశాను. అన్ని చొక్కాలకీ లోపలి గుడ్డ కుట్టు దాకా కత్తిరించేసి ఉంది.

ఏమీ చూడనట్టే మడతపెట్టి బీరువాలో పెట్టేశాను.

మీరు వెంటనే రండి. ఊరికే చూడాలనిపించి వచ్చానని చెప్పండి. లోపలి కుట్టు చూడందే మీ చెయ్యి ఊరుకోదని తెలుసు, అయినా ఆయన చొక్కా అంచు మాత్రం తిప్పి చూడకండి.