సెలూన్‌లో గర్భనిరోధం

మా అమ్మకు ముద్దులతో,

క్లినిక్ తలుపు మీద "గర్భనిరోధం" అన్న మాట చూసి, గుండె ఝల్లుమని వెనక్కి వచ్చేశానని రాశావు. కడుపు తీసేయడం కాదమ్మా అది! నిరోధం అంటే ఆపడం. అసలు కడుపు రాకుండానే చూసుకోవడం. మా నర్సింగ్ మేడం దీని పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పారు. ఇంగ్లీషులో కాంట్రాసెప్షన్ అంటారు. లాటిన్‌లో "కాంట్రా" అంటే ఎదురు. గర్భం నిలవడాన్ని కన్సెప్షన్ అంటారు కదా, అందులో ముందున్న "కన్" తీసేసి, మిగతాది "కాంట్రా"కి అతికించారట. క్లాసంతా నవ్వాం.

ముగ్గురు ఆడపిల్లల్ని కన్నావు, చాలు. బస్సు డ్రైవరు ట్రైనింగుకి నిన్ను ఎంపిక చేశారంటే నాకు కాళ్లు నేల మీద నిలవడం లేదు. వీధిలో ఎవరి పాపాయి కనబడినా ఎత్తుకునే నాన్న "ఇంకొక్కరుంటే బాగుండు" అంటుంటే, ఆయన మనసు నొప్పించలేక లోలోపల కుమిలిపోతున్నావే, అదే నాకు నచ్చలేదు. చెప్పేయ్. కవరు మీద నీ పేరే రాశాను, నాన్న కంటపడనివ్వకు.

నీ పెద్దది

నా పెద్దతల్లికి,

కొంప ముంచావు! పోస్ట్‌మాన్ ఎప్పటిలాగే ఉత్తరం మన సెలూన్‌లో ఇచ్చాడు. నర్సు చదివే కూతురు రాసిందంటే మీ నాన్నకి పట్టపగ్గాలుంటాయా? పేరు కూడా చూడకుండా చింపి, కూర్చున్నవాళ్లందరికీ చదివి వినిపించారు. లాటిన్ దగ్గర అందరూ శభాష్ అన్నారట. "లోలోపల కుమిలిపోతున్నావే" దగ్గర ఆయన చదవడం ఆపి ఉత్తరం మడిచేశారట. సగం గడ్డం మిగిలిన మాస్టారేమో "తర్వాతేంటయ్యా?" అని ఒకటే గోల.

ఆ గడ్డమేదో ముగించి, షాపు మూసి ఇంటికొచ్చారు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"నాతో చెప్పడానికి భయమెందుకే?"

"మీకు పిల్లలంటే పిచ్చి కదండీ."

"పిచ్చే. నువ్వంటే ఇంకా పిచ్చి. ఏదో సరదాకి అన్నాను గానీ, నిన్నింత బాధపెడుతున్నానని తెలీలేదు."

పెళ్లయ్యాక ఆయన నోట ఇలాంటి మాట వినడం ఇదే మొదలు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మాత్రలు వాడతానన్నాను. వినలేదు. "ముగ్గుర్నీ మోసింది నువ్వు. ఇక నా వంతు" అని మర్నాడు తనే వెళ్లి చిన్న ఆపరేషను చేయించుకున్నారు. మళ్లీ పరీక్ష చేసి సరే అనేదాకా జాగ్రత్తగా ఉండమన్నారులే డాక్టరుగారు, నువ్వు కంగారుపడకు. సెలూన్‌కి వచ్చేవాళ్లు ఏమనుకుంటారో అన్నాను. "అనుకోనీవే, వాళ్ల జుట్టు నా చేతిలోనే ఉంది" అన్నారు!

ఇవాళ బస్సు స్టీరింగు పట్టుకున్నాను తల్లీ. ట్రైనింగు సారు ఆపమన్నా ఆపబుద్ధి కాలేదు.

మీ అమ్మ