కిటికీలో జువ్వి

బుధవారం రాత్రి, జనగామ

బోన్సాయ్ జువ్వి ఆకుల మీద నల్లమచ్చలు ఇంకా పెరిగాయి. నర్సరీలో అడుగుదామంటే తెలంగాణ బంద్, మా దుకాణంతో సహా అన్నీ మూసే ఉన్నాయి. పొద్దున అత్తమ్మ చూసి, "జువ్వి ఇంట్ల ఎండితే మంచిది గాదు బిడ్డా, ఏదన్న జెయ్యి" అంది.

తెగులు పట్టిన ఆకులు తుంచేద్దామని కత్తెర తీశాను. ఆకు పట్టుకోగానే వేలికి మసి అంటింది. తడిబట్టతో తుడిస్తే కింద నిగనిగలాడే పచ్చదనం. తెగులు కాదు, చౌరస్తాలో బంద్ వాళ్లు వారంగా కాలుస్తున్న టైర్ల పొగ. మా ఆయన మోసుకెళ్లిన పాత స్కూటర్ టైరూ అందులోదే.

"గింతేనా! ఎంత పరేషాన్ అయిననో" అని అత్తమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆకులన్నీ తుడిచి కుండీని మళ్లీ కిటికీలోనే పెట్టాను.

ఇది రాస్తుంటే పాప దగ్గింది. వారంగా దగ్గుతూనే ఉంది, పడిశమే అనుకున్నాం. దాని ఉయ్యాల ఆ కిటికీ కిందే. రేపు కూడా బస్సులు లేవు, దవాఖానకు ఎట్లా పోవాలి?

లేచి కిటికీ మూశాను. శుభ్రమైన బట్ట తడిపి పాప ముక్కు తుడిచాను.

బట్ట నల్లబడింది.